గుండె పగలడం ఉత్త మాటేనా?

"కొడుకు పోయాడని విని గుండె పగిలి చచ్చిపోయింది" అని మన ఊళ్ళలో అనడం మామూలే. మనం చదువుకున్నవాళ్ళం కదా, అదేదో మాటవరసకి అన్నదనుకుని వదిలేస్తాం. కానీ ఈ మాట వెనక బోలెడు చరిత్ర ఉంది. నెల్లూరు తీరం వాళ్ళకైతే అది మరీ దగ్గరి చరిత్ర.

ఆ తీరానికి భయం కొత్త కాదు. 1989 నవంబరులో పెనుతుఫాను కావలి దగ్గర తీరం దాటింది. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చింది. నీళ్ళలో కొట్టుకుపోయినవాళ్ళని లెక్కపెట్టచ్చు. కానీ పట్టపుపాలెంలో ఒడ్డున నిలబడి, పడవా వలా పోవడం చూసి, గుండె పట్టుకుని కూలబడ్డ మనిషిని ఏ లెక్కలో రాస్తారు?

డాక్టర్లకి ఈ అనుమానం పాతదే. రక్తప్రసరణని వివరించిన విలియం హార్వీ, 1628 నాటి తన పుస్తకంలోనే, మనసులో భయమైనా ఆశైనా దాని ప్రభావం గుండెదాకా పోతుందని రాశాడు. అంకెలు దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చింది. అక్కడ గుండెజబ్బుతో హఠాత్తుగా పోయేవాళ్ళు మామూలుగా రోజుకి అయిదుగురు లోపే. ఆ ఒక్కరోజు 24 మంది పోయారు.

ఇక జపాన్ సంగతి. కావలి తుఫాను వచ్చిన మరుసటి ఏడాది, 1990లో, సాతో అనే డాక్టరూ ఆయన బృందమూ ఒక వింత జబ్బుకి పేరు పెట్టారు. గుండెపోటు లక్షణాలన్నీ ఉంటాయి, రక్తనాళాల్లో మాత్రం అడ్డేమీ ఉండదు. ఎడమ జఠరిక కింది భాగం ముడుచుకోకుండా ఉబ్బిపోయి, అక్కడి జాలర్లు ఆక్టోపస్‌ని పట్టే కుండలా కనిపిస్తుంది. ఆ కుండ పేరే జబ్బుకీ పెట్టారు: టాకోట్సుబో. 2004 అక్టోబరులో, అంటే మన సునామీకి రెండు నెలల ముందు, నీగాటా భూకంపం తర్వాత అక్కడ ఈ కేసులు పెరిగాయి. 2005లో జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు 19 మంది రోగుల్ని పరీక్షిస్తే, వాళ్ళ రక్తంలో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు మామూలు గుండెపోటు వచ్చినవాళ్ళ కంటే కూడా ఎక్కువున్నాయి.

మన భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ బాగానే ఉంది, మెదడు నుంచి ఇంటరప్టులు వరదలా వచ్చిపడ్డాయి. ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్ళకి వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. అందరూ కాదు.

2009 సెప్టెంబరు గుర్తుందా? హెలికాప్టర్ ప్రమాదంలో వైయస్ రాజశేఖరరెడ్డి పోయాక, ఆ వార్త విని గుండె ఆగి చనిపోయారంటూ పేపర్లనిండా వార్తలే. అభిమానులు అన్నీ నిజమన్నారు, వ్యతిరేకులు అన్నీ కట్టుకథలన్నారు. సైన్సు ఇద్దరి వైపూ లేదు. అలా జరగడం అసాధ్యం కాదు, కానీ ఒక్కో మరణాన్నీ విడిగా పరీక్షించకుండా తేల్చలేం.

నా బాధ వేరే. "టెన్షన్ వల్ల" అనగానే అది జబ్బు కాదన్నట్టు మాట్లాడతాం. ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్లో ఛాతీ పట్టేసినట్టుందంటే, "ఊరికే కంగారుపడకు, గ్యాస్ అయ్యుంటుంది" అనేస్తాం. టాకోట్సుబోకీ అసలు గుండెపోటుకీ తేడా ఈసీజీ చూసి కూడా కచ్చితంగా చెప్పలేరు. దానికి యాంజియోగ్రామ్ కావాలి. ఈసీజీకే అంతుబట్టనిది మనకి ఫోన్లో తెలిసిపోతుందా? అలాంటి మాట వినపడితే ముందు ఆస్పత్రికి పంపండి, ఓదార్పులు తర్వాత. అలాగే తుఫాను షెల్టర్లో బియ్యం, నీళ్ళతోబాటు ఒక ఈసీజీ మిషనూ, బీపీ మాత్రలూ పెట్టించడం పెద్ద ఖర్చేం కాదు.

గుండె పగలడం అన్న మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. ఇన్నాళ్ళూ దాన్ని సరిగ్గా వినలేదు, అంతే.