నడిగడ్డ ఆడవాళ్లు, ఏటి అవతలి బజారు

కర్నూలుకు పాత పేరు కందనవోలు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటేముందు అక్కడ ఆగి, ఇరుసులకు కందెన కొని పెట్టుకునేవని, ఆ పేరు అలా వచ్చిందని చెప్తారు. కృష్ణకు ఉత్తరాన ఉన్న నాగర్‌కర్నూలును మా వైపు ఇప్పటికీ కందనూలు అనే అంటారు. దానికీ ఇలాంటి కందెన కథే ఉంది. ఈ కథల నిజానిజాల సంగతి ఎలా ఉన్నా, రెండు ఊళ్లూ తమ పేర్లను ఒక ప్రయాణంతో, ఒక కొనుగోలుతో ముడివేసుకున్నాయన్నది గమనించాలి. ఆ కథల్లో బండి ఉంది, బండివాడు ఉన్నాడు, గుడి ఉంది. ఉప్పూ గుడ్డా గిన్నే నాలుగు డబ్బులు తక్కువకు దొరుకుతాయని అదే ఏరు దాటిన ఆడమనిషి మాత్రం లేదు. ఆమెను చరిత్రలో ఎక్కడ వెతకాలి అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల నుంచి రాయచూరుకూ కర్నూలుకూ దూరం దాదాపు ఒక్కటే, అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. నీళ్లు మారలేదు, దూరం మారలేదు. సరిహద్దు మాత్రం మారుతూ వచ్చింది. 1853లో నిజాం రాయచూరు దోఆబును ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాడు, 1860లో తిరిగి తీసుకున్నాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు రాయచూరు మనది, కర్నూలు పరాయిది. గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఇదంతా తలకిందులైంది. రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, గద్వాల, అలంపురం మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి, కర్నూలు మనదైంది. 2014 జూన్ 2న కర్నూలు మళ్లీ పరాయిదైంది. ఒక ఆడమనిషి నూరేళ్లు బతికి, తన ఊరు కదలకుండా, ఈ మార్పులు చాలావరకు చూసి ఉండొచ్చు. వాటిని ఆమె కచేరీ కాగితాల్లో చదవలేదు, కొంగున ముడివేసుకున్న డబ్బుల లెక్కలో చదివింది.

నిజాం కాలంలో ఆ లెక్క చాలా కష్టమైనది. ఏటికి ఇవతల హాలీ సిక్కా, అవతల ఇంగ్లీషు వాళ్ల కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. అంటే కర్నూలు బజారులో మూడు రూపాయలు చెప్పిన చీర మన డబ్బుల్లో మూడున్నర. దానికి తోడు సరిహద్దు దగ్గర కరోడ్‌గిరి నాకా, సరుకు విలువ మీద నూటికి అయిదు సుంకం. షావుకారు కర్నూలు నుంచి సరుకు తెచ్చి అలంపురంలో అమ్మితే ఆ ధరలో సుంకం, బండి కిరాయి, అతని లాభం మూడూ కలుస్తాయి. ఆడమనిషి తానే పోయి నెత్తిన పెట్టుకొని తెస్తే ఆ మూడూ ఉండవు. చవక అంటే ఇదే. సుంకం ఎగ్గొట్టడం అందులో కొంత మాత్రమే. మిగిలినదంతా ఆమె నడక, ఆమె మోత, ఆమె ఒక పగలు.

మా అవ్వ వాళ్ల ఊరు అలంపురం దగ్గర. వాళ్లమ్మ వానకాలంలో పుట్టిలో, ఎండాకాలంలో ఇసుకలో నడిచి ఏరు దాటేదని అవ్వ చెప్పేది. కొత్త చీర మూటలో పెడితే నాకా దగ్గర పట్టుకుంటారని, కట్టుకొని వచ్చేవాళ్లట. కొత్త గిన్నెకు అడుగున మసి పూసి, అందులో సద్ది పెట్టుకొని వచ్చేవాళ్లట. సర్కారు భాషలో దీని పేరు దొంగరవాణా. ఆమె భాషలో దీనికి వేరే పేరేమీ లేదు, ‘ఏటవతలికి పోయొచ్చినం’ అంతే. చదువుకోని ఆ మనిషి హాలీని కల్దారులోకీ, కల్దారును హాలీలోకీ నోటితోనే మార్చేది. ఇంటి మగవాళ్లకు ఆ లెక్క తెలిసినా బేరం దగ్గర ఆమెనే ముందుకు నెట్టేవాళ్లని అవ్వ నవ్వుతూ చెప్పేది. ఆ తెలివికి మనం ఎన్నడూ చదువు అని పేరు పెట్టలేదు.

సరిహద్దు గట్టిగా మూసుకుపోయిన కాలమూ ఉంది. 1947-48లో హైదరాబాద్ రాజ్యం చుట్టూ ఆర్థిక దిగ్బంధం నడిచినప్పుడు ఉప్పు, కిరసనాయిలు, మందులు కరువయ్యాయి. సముద్రం లేని రాజ్యానికి ఉప్పు బయటినుంచే రావాలి. ఆ నెలల గురించి మన పుస్తకాల్లో రాయబారాలున్నాయి, రజాకార్లున్నారు, సరిహద్దు శిబిరాలున్నాయి. ఉప్పులేని వంట ఎవరు ఎలా వండారో, ఎవరు తిట్లు తిన్నారో లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు పోరాటంలో ఉన్న స్త్రీల గొంతులు మొదటిసారిగా మనకు వినిపించాయి. పోరాటానికి బయట, పొయ్యి దగ్గర నిలబడి ఆ కాలాన్ని దాటించిన వాళ్ల సంగతి ఇంకా వినవలసే ఉంది.

ఇక్కడ సురవరం ప్రతాపరెడ్డిగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన ఈ నేల మనిషి. అలంపురం దగ్గర బోరవెల్లిలో పుట్టి, కర్నూలులో చదువుకొని, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. రాజుల చరిత్రే చరిత్ర కాదని, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట చరిత్రేనని ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలను సాక్ష్యంగా పెట్టి చూపించారు. సాహిత్యం చదువుకున్న నాలాంటి వాళ్లు చరిత్ర గురించి మాట్లాడే ధైర్యం చేస్తున్నామంటే ఆ దారి ఆయన వేసిందే. అయితే ఆ దారిలో ఒక మలుపు మిగిలిపోయింది. కట్టిన బట్ట చరిత్ర అయినప్పుడు ఆ బట్టను ఎవరు, ఎక్కడినుంచి, ఎంతకు బేరమాడి, ఎలా మోసుకొచ్చారన్నదీ చరిత్ర కావాలి కదా. కావ్యంలో అది దొరకదు. కరోడ్‌గిరి దస్తావేజులు సరుకునూ సుంకాన్నీ చూస్తాయి గానీ మోసే మనిషిని చూడవు. ఆడవాళ్లంతా చరిత్రలో కనిపించరనీ కాదు. 1924లో గద్వాల సంస్థానం పగ్గాలు పట్టిన రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు పుస్తకాల్లో ఉంది. ఆమె సంస్థానంలోని పుట్టిల్లో ఏరు దాటిన ఆడవాళ్ల పేర్లు లేవు. జెండర్‌తో పాటు కులం, వర్గం కూడా ఇక్కడ పనిచేశాయి. దొరల ఇండ్ల ఆడవాళ్లు బజారుకు పోలేదు, బజారే వాళ్ల గడపకు వచ్చింది. నాకా జవాను చేతిలో మూట విప్పించుకున్నది కూలీనాలీ చేసుకునే ఆడవాళ్లు, చిన్న రైతు ఇండ్ల ఆడవాళ్లు.

1956 తర్వాత నాకా పోయింది, 1959 నాటికి హాలీ కూడా పోయింది. కానీ తేడా పోలేదు. ఆంధ్రప్రదేశూ మైసూరూ రెండూ 1957లో వేర్వేరు అమ్మకపు పన్ను చట్టాలు చేసుకున్నాయి. ఒక వస్తువు ఇక్కడ చవకైతే మరొకటి అక్కడ చవక. జిల్లా కచేరి మహబూబ్‌నగర్‌కు మారింది గానీ గద్వాల ఆడవాళ్ల బజారు రాయచూరు నుంచి మారలేదు. కచేరి పని మగవాళ్లది, బజారు పని ఆడవాళ్లది కాబట్టి ఒకే ఇంట్లో మొగుడు ఉత్తరానికీ పెళ్లాం పడమటికీ ప్రయాణం చేసేవాళ్లు. గద్వాల ఆడవాళ్ల మాటల్లోని కన్నడం, రాయచూరు దుకాణదారుల నోట తెలుగు, ఇద్దరి మధ్యా దక్కనీ ఉర్దూ ఈ రాకపోకల్లోనే పెరిగాయి. భాషాప్రయుక్త రాష్ట్రాలు గీసిన గీతను వాళ్లు మూడు భాషల్లో బేరమాడుతూ దాటారు. గద్వాల నుంచి రాయచూరుకు రైలు మాత్రం 2013కు గానీ రాలేదు.

మా అమ్మ తరానికి ఇది గుంపు ప్రయాణం అయింది. పెళ్లి కుదిరిన ఇంట్లో పెట్టుపోతల చీరలకు రాయచూరు, స్టీలు సామానుకు కర్నూలు. ఒక్కరే పోతే చిల్లర ధర, అయిదారుగురు కలిసి ఇరవై చీరలు తీస్తే టోకు ధర. అందుకని వాడలో ఎవరి ఇంట్లో ఏ శుభకార్యం ఉందో ముందే మాట్లాడుకొని, చీటీ పాడుకున్న నెలలో బయలుదేరేవాళ్లు. తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ రెండు పూటలకు వండిపెట్టి మొదటి బస్సు ఎక్కాలి. చీకటి పడేలోపు వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించాలి. బస్సు చార్జీ పోగా ఎంత మిగిలిందో పైసలతో సహా లెక్క చెప్పేవాళ్లు, ఆ రెండు వంటలూ ఆ పగలూ ఆ లెక్కలోకి రాలేదు. గద్వాల మగ్గం ఇండ్లలోనూ ఇదే తీరు. నూలు ఒడలికి పట్టు అంచు కలిపే కోటకొమ్మ పని వల్ల ఆ చీరకు పేరు వచ్చింది. కండెలు చుట్టి, ఆసు పోసే ఆడవాళ్ల పని మగ్గం కూలిలోనే కలిసిపోతుంది, విడిగా కనిపించదు. వేల రూపాయల చీరకు కండెలు చుట్టిన మనిషి తన ఒంటి మీదికి చవక చీర కోసం రాయచూరు బస్సు ఎక్కుతుంది.

ఇంటిచాకిరీని దేశం లెక్కల్లో చేర్చరెందుకని మారిలిన్ వేరింగ్ 1988లోనే పుస్తకం రాసి అడిగింది. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. ఇంటి కోసం చేసే కొనుగోళ్లు కూడా ఈ పనిలో భాగమేనని ఇప్పుడు సర్వేలు ఒప్పుకుంటున్నాయి. ఆ కొలతతో చూస్తే, ఏటవతలి నుంచి వచ్చిన చవక సరుకులో ఆదా అని మనం పిలిచింది ఆడమనిషికి ఇవ్వని కూలి. బండి ట్యాంకు నింపుకోడానికి కర్ణాటక బంకుకు పోయే మగవాడికి తెలివైనవాడని పేరు. అదే పని చీరలకూ గిన్నెలకూ చేసే ఆడదాన్ని ‘షాపింగ్ పిచ్చి’ అంటారు.

ఈ కూలికి ప్రాణాలు కూడా పణంగా పెట్టవలసిన చోట్లున్నాయి. నాగర్‌కర్నూలు వైపు, కొల్లాపూర్ దగ్గర సోమశిల, మంచాలకట్ట రేవుల నుంచి కృష్ణ దాటితే అవతల నందికొట్కూరు, ఆత్మకూరు. 1956 నుంచి 2014 దాకా అక్కడ రాష్ట్ర సరిహద్దు లేదు. కానీ 1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండి ఊళ్లను ముంచింది, ఏరు సముద్రమంత వెడల్పయింది. చుట్టూ తిరిగి పోతే రోజు గడుస్తుంది, పడవ ఎక్కితే గంట. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. సోమశిల దగ్గర వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది 2022లో.

ఇంత చెప్పి, ఇదంతా బరువేనంటే అదీ సగం నిజమే. బజారు పేరు మీద తప్ప ఊరు దాటడానికి వీల్లేని ఆడవాళ్లకు ఆ పగలు వాళ్లదైన పగలు. బస్సులో వెనక సీట్లలో వాళ్లు మాట్లాడుకున్నవి ఇంట్లో మాట్లాడుకోలేనివి. ఆ కొనుగోలు ప్రయాణమే రాజకీయమైన సందర్భం ప్రపంచంలో ఉంది. గర్భనిరోధక సాధనాల అమ్మకం నిషిద్ధమైన ఐర్లండులో, 1971 మే 22న, 47 మంది స్త్రీలు డబ్లిన్ నుంచి రైలెక్కి సరిహద్దు అవతలి బెల్‌ఫాస్ట్‌కు పోయి వాటిని కొని, తిరిగివచ్చి కస్టమ్స్ వాళ్ల ఎదుటే ఎత్తి చూపించారు. వాళ్ల కోసం స్టేషనులో విలేకరులున్నారు. మసి పూసిన గిన్నెతో ఏరు దాటిన ఆడమనిషి కోసం రేవులో ఎవరూ లేరు. ఆమె ఏ చట్టాన్నీ ధిక్కరించాననుకోలేదు కూడా. ఇద్దరికీ ఒకటే తెలుసు, సరిహద్దు ఇంట్లోకి వస్తుందని, దాన్ని దాటకుండా ఇల్లు నడవదని.

ఇప్పటి సంగతికి వస్తే, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చి చీరకూ గిన్నెకూ మూడు రాష్ట్రాల్లో ఒకటే పన్ను అయింది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైనా, పెద్ద బజారుకు నడిగడ్డ వాళ్లు ఇంకా కర్నూలుకో రాయచూరుకో పోతూనే ఉన్నారు. ఈలోగా కొత్త సరిహద్దు బస్సులో మొలిచింది. కర్ణాటక 2023 జూన్ 11న, తెలంగాణ 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత ప్రయాణం ఇచ్చాయి. పోరాడి నిలుపుకోవలసిన హక్కు అది. అయితే మూడూ ఎవరి రాష్ట్రం వరకు వారివే. అలంపురం చౌరస్తా నుంచి కర్నూలుకు పోయే ఆడమనిషికి జీరో టికెట్ పుల్లూరు దగ్గర అయిపోతుంది, మిగిలిన కాస్త దూరానికి పైసలు తీయాలి. సరుకుకు సరిహద్దు పోయింది. సరుకు మోసే ఆడమనిషికి మిగిలింది. హాలీ కల్దారు లెక్కకు బదులు ఇప్పుడు ఆధార్ కార్డు లెక్క.

సరిహద్దు ప్రాంతాల మీద పని చేస్తున్న తోటి పరిశోధకులకు ఒక మాట. మన దగ్గర కరోడ్‌గిరి దస్తావేజులున్నాయి, చట్టాలున్నాయి, ఒప్పందాలున్నాయి. వాటి పక్కన పెట్టి చదవడానికి చీటీల నోటు పుస్తకాలు, టోకు దుకాణాల బిల్లులు, పెట్టుపోతల జాబితాలు, ఏ సామాను ఏ ఊళ్లో కొన్నారో చెప్పగలిగే అమ్మల మాటలు సేకరించాలి. హాలీ చేత పట్టిన తరంలో ఇప్పుడు మిగిలినవాళ్లు తక్కువ. వాళ్లను రజాకార్ల గురించి అడుగుతున్నాం. ఆ ఏడు ఉప్పు ఎక్కడినుంచి తెచ్చారో కూడా అడుగుదాం.