తెగకముందే మార్చవలసినవి



ముప్ఫై ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పినవాడు మోటారుకారు యంత్రాన్ని గూర్చి వ్రాయబూనడం సాహసమే. అయితే ఈ పాఠం నేను పుస్తకంలో చదివినది కాదు, రోడ్డుమీద నిలబడి నేర్చుకొన్నది. పైగా దీనికి మా కోనసీమ చరిత్రతో చుట్టరికం ఉన్నదని తరువాత తెలిసింది. ఓపికతో చదువ ప్రార్థన.

2009లో నా దగ్గర ఒక పాత మారుతి 800 ఉండేది. ఒకరివద్ద కొన్న బండి. సర్వీసుకు తీసుకువెళ్ళినప్పుడు మా మెకానిక్కు, "మేష్టారూ, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో లెక్కలేదు. ఈసారి మార్పించేద్దామండీ" అన్నాడు. "బండి బాగానే నడుస్తోంది కదయ్యా, చెడినప్పుడు చూద్దాం" అన్నాను. రెండు నెలలు గడిచాయి. ఒక తెల్లవారుజామున మా అక్కయ్యకు గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి తీసుకుపోవాలని బయలుదేరాము. కొత్తపేట దాటి రావులపాలెం చేరబోతుండగా, కాలువ గట్టు ప్రక్కన, ఇంజను చప్పున ఆగిపోయింది. దడ లేదు, పొగ లేదు. తాళం తిప్పితే యంత్రం తేలికగా, బరువేమీ లేనట్లు తిరిగింది గాని అంటుకోలేదు. వెనుక వచ్చిన కొబ్బరికాయల లారీవాడు మమ్మల్ని ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చాడు. అక్కయ్య బ్రతికింది. "చెడినప్పుడు చూద్దాం" అన్న నా మాటను మాత్రం నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఈ బెల్టు చేసే పని ఏమిటో చెబుతాను. ఇంజనులో పిస్టన్లు త్రిప్పే ఇరుసు ఒకటి, గాలీ పొగా వచ్చిపోయే కవాటాలను తెరిచి మూసే ఇరుసు మరొకటి. మొదటిది రెండు చుట్లు తిరిగితే రెండవది ఒక్క చుట్టు తిరగాలి. రెండు పాదాలకు ఒక ద్విపద పూర్తియైనట్లన్నమాట. ఈ లయ తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేదే టైమింగ్ బెల్టు. లోపల గట్టి దారాలు, పైన రబ్బరు, ఒక ప్రక్క పళ్ళు. దీనికి 'లయపట్టీ' అని పేరు పెట్టుకొన్నాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను. పద్యంలో యతి తప్పితే పండితుడు మొగం చిట్లిస్తాడు, అంతే. ఇక్కడ లయ తప్పితే కొన్ని ఇంజన్లలో పైకి వచ్చే పిస్టను తెరిచి ఉన్న కవాటాన్ని గుద్దుతుంది. అప్పుడు పోయేది బెల్టు ఖరీదు కాదు, ఇంజను ఖరీదు.

పూర్వం మన రోడ్లపై తిరిగిన అంబాసిడరుకూ, ఫియట్ వంశపు ప్రీమియర్ పద్మినికీ ఈ బెల్టు లేదు. వాటిలో ఉక్కు గొలుసు ఉండేది. గొలుసు అరిగి వదులైతే గలగలమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని మేస్త్రీ పట్టుకొనేవాడు. మా ఊళ్ళ పాత రైసుమిల్లులలో ఇరుసుకూ యంత్రానికీ మధ్య తిరిగే వెడల్పాటి పట్టాలు కూడా అంతే. వదులైతే టపటప కొట్టుకొనేవి, జారేవి, మిల్లు మందగించేది. అవి జరగబోయేది ముందుగా చెప్పేవి.

పళ్ళ బెల్టు స్వభావం వేరు. 1940ల దశకంలో అమెరికాలో కుట్టుమిషన్ల కోసం పుట్టిన ఈ సాధనాన్ని కారు ఇంజనులోనికి పెద్ద ఎత్తున తెచ్చినది జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ. 1962లో వచ్చిన వారి 1004 కారులో అది కనిపించింది. గొలుసుకన్న తేలిక, చవుక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. 1983 డిసెంబరులో మారుతి 800తో అది మన మధ్యతరగతి ఇళ్ళ ముంగిటికి వచ్చింది. గొలుసు బండ్లకు అలవాటుపడిన చెవులతోనే మనం దాన్నీ విన్నాము. అక్కడే పొరపాటు జరిగింది. ఈ బెల్టు చాలామట్టుకు చప్పుడు లేకుండానే ముసలిదై, చెప్పకుండానే తెగిపోతుంది. కాబట్టి దాన్ని చెవితో కాదు, క్యాలెండరుతో కనిపెట్టాలి.

ఇటువంటి ప్రశ్న కోనసీమకు క్రొత్త కాదు. పి. గన్నవరం వద్ద వైనతేయపాయ మీద 49 కమానుల పాత అక్విడక్టును మీలో కొందరైనా చూచి ఉంటారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన తరువాత, 1852-53లో, హేగ్ అనే ఇంజనీరు దాన్ని నిర్మించాడు. నాగరం లంకకు గోదావరి నీరు నదిని దాటి వచ్చినది దానిమీదుగానే. శతాబ్దిన్నరకు సమీపంగా అది పని చేసింది. అది తెగిన తరువాత ఆలోచించి ఉంటే, ఆ ఏడు లంక పొలాలు ఎండిపోయేవి. అలా జరుగలేదు. ప్రక్కనే క్రొత్తది కట్టి, 2000లో నీటిని దానిలోనికి మళ్ళించారు. అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పనిచేస్తున్నదానిని, పనిచేస్తుండగానే మార్చడం అంటే అది.

అదే నాగరంలో 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున సహజవాయువు గొట్టం పగిలి మంటలు లేచాయి. ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. భూమిలోపల గొట్టాన్ని తుప్పు తింటూ వచ్చింది. పైన కొబ్బరితోటలు పచ్చగానే ఉన్నాయి. ఆ ఘోరాన్ని కారు బెల్టుతో పోల్చడం తగదని నాకు తెలుసు. నేను చెప్పదలచినది ఒక్కటే: చప్పుడు చేయని వస్తువు విషయంలో "బాగానే ఉంది కదా" అన్నది సాక్ష్యం కాదు. ఒకే లంక మనకు రెండు పాఠాలూ చెప్పింది.

ఇక ఆచరణకు వద్దాం. మీ బండికి బెల్టా, గొలుసా అన్నది ముందు తెలుసుకోండి. నేటి కార్లలో చాలా వాటికి మళ్ళీ గొలుసే వస్తున్నది. బెల్టు అయితే బండితో ఇచ్చిన పుస్తకంలో గడువు ఉంటుంది. కిలోమీటర్లు ఒకటి, సంవత్సరాలు ఒకటి; ఏది ముందు వస్తే అదే గడువు. మామూలుగా అరవై వేల నుండి లక్ష కిలోమీటర్ల మధ్య, నాలుగైదేళ్ళకు అటూయిటూగా చెబుతారు. మన ప్రాంతంలో ఈ రెండవ లెక్కే ముఖ్యం. అమలాపురం నుండి రాజోలుకు వెళ్ళివచ్చే బండి లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి రబ్బరు ముసలిదైపోతుంది. పిల్లలు విదేశాలలో ఉండి, ఏడాదికొకసారి వచ్చినప్పుడు మాత్రమే షెడ్డులోనుండి తీసే కారైతే మరీను. పాత బండి కొని, చరిత్ర తెలియకపోతే వెంటనే మార్చండి. నూనె గాని నీరు గాని బెల్టుమీద కారుతుంటే గడువుదాకా ఆగవద్దు. ముందు ఆ కారుడు ఆపించి, బెల్టు మార్చండి. దాన్ని బిగించి ఉంచే టెన్షనరును కూడా అప్పుడే మార్పించడం మంచిది. ఆ బెల్టుతోనే తిరిగే వాటరుపంపు ఉంటే దానినీ చూపించండి. మార్చిన తేదీ, మీటరు అంకె ఒక కాగితంమీద వ్రాసి బానెట్టు లోపల అంటించండి.

మా అక్కయ్య ఇప్పటికీ నా బండి ఎక్కేముందు, "తమ్ముడూ, ఆ బెల్టు మార్చావురా?" అని అడుగుతుంది. మార్చానని చెప్పి, ఆ కాగితం చూపిస్తాను. అప్పుడే కూర్చుంటుంది.