కోరంగి మడ అడవిలో బాలల ప్రకృతి సందర్శన: రేవు చరిత్ర దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యం నేడు గోదావరి డెల్టా పిల్లలకు ప్రకృతి పాఠశాల. ఒకప్పుడు అదే ప్రాంతం బంగాళాఖాతపు నౌకా వాణిజ్యంలో పేరున్న రేవు. ఈ రెండు గుర్తింపుల నడుమ సంబంధం ఎట్లా తెగిందో, ఆ తెగుదల ప్రాథమిక తరగతుల పరిసరాల విజ్ఞాన బోధనకు ఏమి లోటు చేస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చెక్క బాట మీది పాఠం

కాకినాడ నుండి యానాం వెళ్ళే రహదారిపై చొల్లంగి దాటిన తరువాత అభయారణ్యపు ప్రవేశద్వారం వస్తుంది. లోపల మడచెట్ల నడుమ, బురదకు ఎత్తుగా కట్టిన చెక్క బాట ఉంది. విహారయాత్రకు వచ్చే పిల్లలు మొదట నడిచేది దీనిమీదనే. పోటు తీసిన వేళ వస్తే బాటకు ఇరువైపులా నేలలోనుండి మేకుల్లాగా పైకి పొడుచుకువచ్చిన శ్వాసవేళ్ళు కనిపిస్తాయి. వాటి నడుమ పీతలు బొరియల్లోకి జారుకుంటాయి, బురదమీద గెంతే చిన్న చేపలు తిరుగుతాయి. ఉప్పుపొన్న విత్తనం చెట్టునుండి రాలకముందే మొలకెత్తి, పొడవైన కాయలా వేలాడుతుంది. పోటు వేళ వస్తే ఇందులో సగం నీటి అడుగున ఉంటుంది. అందువల్ల ఇక్కడి సందర్శనకు గడియారం కంటే ఆటుపోట్ల లెక్క ముఖ్యం.

పసిపిల్లలకు ఈ స్థలం ప్రత్యేకంగా అనుకూలమైనది. పెద్దలు తలెత్తి పక్షులను వెదుకుతుండగా, అయిదారేళ్ళ పిల్లల చూపు సహజంగానే బురదకు దగ్గరగా ఉంటుంది. మడ అడవిలోని జీవవ్యాపారం అధికభాగం జరిగేది కూడా అక్కడే. ఈ అడవికి ప్రసిద్ధి తెచ్చిన బావురుపిల్లి రాత్రివేళ తిరిగే జంతువు కనుక పగటి సందర్శకులకు కనబడడం అరుదు. అది కనబడలేదని పిల్లలను నిరాశపరచడం కంటే పీత బొరియ దగ్గర నిలబెట్టడం మేలైన బోధన.

ఇంతవరకు లోపం లేదు. అయితే ఈ పాఠం మడచెట్టును కాలంతో నిమిత్తం లేని వస్తువుగా చూపుతుంది. ఎప్పటినుండో ఇక్కడ అడవి మాత్రమే ఉన్నదనీ, మనుషులు తరువాత చూడవచ్చారనీ పిల్లల మనసులో ముద్ర పడుతుంది. కోరంగి విషయంలో ఇది వాస్తవానికి చాలా దూరం.

రేవు, ఉప్పెన, ఒండ్రు

గౌతమీ గోదావరి పాయల ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి 18, 19 శతాబ్దాల్లో కోరమాండల్ తీరపు ప్రధాన రేవులలో ఒకటి. చుట్టూ ఇంజరంలో ఆంగ్లేయులకూ, యానాంలో ఫ్రెంచివారికీ వస్త్ర వాణిజ్య స్థావరాలుండేవి. నౌకలు కట్టడం, మరమ్మతు చేయడం ఇక్కడి ప్రధాన వృత్తులు. పొరుగునున్న తాళ్ళరేవు పేరులోనే ఆ జ్ఞాపకం నిలిచి ఉంది. ఇక్కడి ఓడలు ఎంత దూరం వెళ్ళాయో సముద్రాల పటమే చెబుతుంది. ఆస్ట్రేలియాకు తూర్పున పగడపు సముద్రంలోని కోరింగా దీవుల పేరు అక్కడ ధ్వంసమైన 'కోరింగా ప్యాకెట్' అనే ఓడనుండి వచ్చింది. బర్మాకు వలస వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివారు 'కోరంగీలు' అని పిలిచారు. ఒక ఊరి పేరు ఒక జాతి మొత్తానికి అంటుకున్న సందర్భమిది. ఆ మాటలో చులకన భావం కూడా ఉండేదన్న సంగతి విస్మరించరాదు.

1789 డిసెంబరులోనూ, 1839 నవంబరు 25 నాడూ ఉప్పెనలు ఈ రేవును ముంచెత్తాయి. తుఫానుకు 'సైక్లోన్' అన్న పదాన్ని కల్పించిన హెన్రీ పిడ్డింగ్టన్ తుఫానులపై తన అధ్యయనంలో కోరంగి ఉప్పెననూ చర్చించాడు. ఆయన 'సెయిలర్స్ హార్న్‌బుక్' వెలువడినది 1848లో. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది మరణించారనీ, ఇరవై వేల నౌకలు నాశనమయ్యాయనీ నేడు విస్తృతంగా ఉటంకించే అంకెలున్నాయి. ఒక నదీముఖపు రేవులో ఇరవై వేల నౌకలు ఒకేసారి ఉండడం నమ్మశక్యం కాదు. ఈ సంఖ్యలను పరిశీలన లేకుండా పిల్లలకు అందించడం ఉచితం కాదు. రేవు ఒక్క రాత్రిలో అంతరించిందన్న కథనం కూడా సంపూర్ణ సత్యం కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు మేటవేసి నీటిలోతు తగ్గడం, సమీపంలో కాకినాడ ఎదగడం నిదానంగా పనిచేసిన కారణాలు. ఉప్పెన దెబ్బ తీసింది. ఒండ్రు మాత్రం రేవును మళ్ళీ పుంజుకోనీయలేదు.

ఇక్కడే ప్రకృతి పాఠం, చరిత్ర పాఠం ఒకటవుతాయి. రేవును మూసిన ఒండ్రుమేటలే మడచెట్లకు నేలనిచ్చాయి. కాకినాడ అఖాతాన్ని సముద్రంనుండి వేరుచేస్తున్న హోప్ ఐలాండ్ కూడా గత రెండు శతాబ్దాలలో గోదావరి ఇసుకతో పెరిగిన దిబ్బయే. సముద్రపు తాబేళ్ళు నేడు గుడ్లు పెట్టే ఆ ఇసుకతీరం, రేవు తొలి దశలో నేటి రూపంలో లేదు.

పేర్లు పెట్టినవారు, ప్రవేశించేవారు

పిల్లలకు చెప్పే చెట్ల పేర్లకూ చరిత్ర ఉంది. 1780ల నుండి సామర్లకోటలో ఉద్యోగం చేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ ప్రాంతపు మొక్కలను వర్ణించి, భారతీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించి, 1795 నుండి వెలువడిన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' గ్రంథంలో ప్రకటించాడు. మొక్కల తెలుగు పేర్లను కూడా ఆయన నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు గ్రంథంలో వెదకినా దొరకవు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న వంటి మాటలు తీరవాసుల నోటినుండి పుట్టినవి. తిల్లపాలు కంట్లో పడితే ప్రమాదమని వారు అనుభవంతో ఎరుగుదురు. చెక్క బాట మీద పిల్లలకు చెప్పవలసిన మొదటి జాగ్రత్త కూడా అదే.

1978లో 235.70 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ అధ్యయనం, ఛాయాచిత్రణ, పరిశోధన, పర్యాటకం మొదలైన వాటికి ప్రవేశానుమతిని ఇస్తుంది. 29వ సెక్షన్ అనుమతి లేకుండా అటవీ ఫలసాయాన్ని తీయడాన్ని నిషేధిస్తుంది. వంటచెరకుకూ, పశువుల మేతకూ, ఇంటి గుంజలకూ మడ మీద ఆధారపడిన ఊళ్ళకు ఇది పెద్ద మార్పు. నరికివేతనుండి అడవి కాపాడబడాలన్నది నిర్వివాదం. కానీ అదే అడవికి పట్టణపు పిల్లవాడు టిక్కెట్టుతో అతిథిగా వస్తాడు, అంచున ఉన్న మత్స్యకారుల పిల్లవాడు కట్టెపుల్లతో దొరికితే నేరస్థుడవుతాడు. 1990ల చివరినుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ గ్రామస్థుల భాగస్వామ్యంతో కాలువలు తవ్వి, క్షీణించిన చోట్లకు పోటునీరు మళ్ళించి మొక్కలు నాటడం ఈ అంతరాన్ని కొంత తగ్గించింది. సందర్శకులకు ఆ కాలువలు కూడా ప్రకృతి సహజమైనవిగానే తోచే అవకాశం ఉంది.

పాఠ్యప్రణాళిక కలిపినది, విహారయాత్ర విడదీసినది

పర్యావరణాన్ని పాఠశాలల్లో బోధించాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991 నవంబరు 22న ఆదేశించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 3 నుండి 5 తరగతులకు పర్యావరణ అధ్యయనాన్ని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల సమ్మేళనంగా నిర్దేశించింది. తెలుగు పాఠశాలల్లో దాని పేరు 'పరిసరాల విజ్ఞానం'. పరిసరమంటే చెట్టూ, ఊరూ, వృత్తీ, నీరూ కలిసినది. శాస్త్రాలు వేరుపడేది ఆపై తరగతుల్లోనే. అంటే కోరంగికి వచ్చే చిన్నపిల్లల పాఠ్యపుస్తకం ఇంకా విడదీయని దానిని, వారి విహారయాత్ర ముందే విడదీస్తున్నది.

దీనిని సరిదిద్దడానికి కొత్త భవనం గానీ ప్రదర్శనశాల గానీ అవసరం లేదు. యాత్ర క్రమాన్ని నీటి లెక్కతో అమర్చుకుంటే చాలు. పోటు తీసిన వేళ చెక్క బాట మీద వేళ్ళూ పీతలూ చూడవచ్చు. నీరు నిండిన తరువాత పడవలో కాలువ వెంట సముద్రం వైపు సాగవచ్చు. ఆ పాయల్లోనే ఒకప్పుడు ఓడలు రేవుకు వచ్చేవి. తాళ్ళరేవు పెద్దలలో ఒకరిని తోడు తీసుకువెళితే, ఓడల పేర్లూ చెట్ల పేర్లూ పిల్లలకు ఒకే నోట వినబడతాయి.