ఫ్లాష్ పోయింది, మన జ్ఞాపకాలు ఏమయ్యాయి?



2021 ఫిబ్రవరిలో ఒకరోజు నైట్ డ్యూటీ దిగి వచ్చి, మా పెళ్ళి ఆల్బమ్ చూద్దామని లాప్‌టాప్ తెరిచాను. 2007లో అమలాపురం ఫోటోగ్రాఫర్ దాన్ని కంప్యూటర్‌లో చేసి సీడీ ఇచ్చాడు, ఇంటర్నెట్‌లోనూ పెట్టాడు. పేజీలు తిరుగుతుంటే వెనకాల నాన్న మమ్మల్ని దీవిస్తూ చెప్పిన నాలుగు మాటలు వినిపించేవి. నాన్న 2013లో పోయారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఆ రోజు ఆల్బమ్ ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా, మధ్యలో పజిల్ ముక్క బొమ్మ. ఫ్లాష్ ప్లేయర్ ఇక పనిచేయదని ఒక లైను. అంతే.

ఎందుకిలా అయిందని వెతుకుతూ చదివితే, వెనకాల పాతికేళ్ళ కథ ఉంది.

మొదట్లో వెబ్ పేజీ అంటే అక్షరాలు, కదలని బొమ్మలు. పాట, వీడియో చూపించడం బ్రౌజర్‌కి రాదు. అందుకే 1996 ప్రాంతంలో నెట్‌స్కేప్ బ్రౌజర్ ప్లగిన్‌లకు చోటిచ్చింది. మనం ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకుంటే ఇక్కడి సాకెట్‌లో పట్టదు కదా, మధ్యలో అడాప్టర్ పెడతాం. ప్లగిన్ కూడా అలాంటిదే. పాటలకి రియల్ ప్లేయర్, ఆపిల్ వీడియోలకి క్విక్‌టైమ్, ఇలా ఒక్కోదానికి ఒక్కో అడాప్టర్.

వాటన్నిటిలో గెలిచింది ఫ్లాష్. జోనథన్ గే, ఆయన తోటివాళ్ళు 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో తెచ్చారు. మాక్రోమీడియా కంపెనీ కొని ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది.

ఎందుకు గెలిచిందంటే, బరువు తక్కువ. ముగ్గు ఫోటో పంపాలంటే పెద్ద ఫైలు. అదే “15 చుక్కలు, సరి చుక్క, ఇలా కలపండి” అని చెబితే రెండు లైన్లు. ఫ్లాష్ బొమ్మలు రెండో రకం. గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికో చెబితే మన కంప్యూటరే గీసుకుంటుంది. ఫోన్ లైను మీద కీచుకీచుమంటూ నడిచే ఆనాటి నెట్‌కి అది వరం. 2005లో మొదలైన యూట్యూబ్ కూడా వీడియోలను ఫ్లాష్‌లోనే చూపించింది. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్ కూడా ఫ్లాష్ ఆటే. మనలో ఎంతమంది రాత్రుళ్ళు లేచి పంట కోసుకోలేదు!

కానీ అడాప్టర్‌లో లోపముంటే ఇల్లంతటికీ ప్రమాదం. ఫ్లాష్‌లో కన్నాలు బయటపడుతూనే ఉన్నాయి, దొంగ ప్రోగ్రాములు వాటిలోంచి దూరేవి. 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్ లేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఉత్తరమే రాశాడు: భద్రత లేదు, బ్యాటరీ తాగేస్తుంది, వేలితో తాకే ఫోన్లకి పనికిరాదు, పైగా మొత్తం ఒకే కంపెనీ చేతిలో ఉందని. ఆపిల్ తన వ్యాపారం చూసుకునే ఈ మాట అంటోందని తిట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ 2011 నవంబరులో అడోబీయే మొబైల్ ఫోన్లకి ఫ్లాష్ చేయడం మానుకుంది.

ఈలోపు బ్రౌజర్లు అడాప్టర్ లేకుండా తామే వీడియో చూపించడం నేర్చుకున్నాయి. అదే హెచ్‌టీఎంఎల్5. 2015 జనవరిలో యూట్యూబ్ దానికి మారింది. అదే ఏడాది జూలైలో కొత్త కన్నాలు బయటపడితే, మరమ్మతు అయ్యేదాకా ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ని ఆపేసింది. 2017 జూలైలో అడోబీ తేదీ చెప్పేసింది: 2020 డిసెంబరు 31తో ఆఖరు. ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ కూడా ఆ రోజే మూతబడింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఏదీ చూపించకుండా ఆగిపోయింది. ఆ నెలలోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని పూర్తిగా తీసేశాయి.

మూడున్నరేళ్ళ ముందే చెప్పారు, నిజమే. కానీ చెప్పింది కంపెనీలకీ, ఇంజనీర్లకీ. పిల్లల స్కూలు, షిఫ్టులు, ఇంటికి పంపాల్సిన డబ్బులు చూసుకునే నాకు ఎవరు చెప్పారు? నా పెళ్ళి ఆల్బమ్ కూడా ఫ్లాష్ అనే సంగతే నాకు తెలియదు.

నా అదృష్టం, సీడీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. మా అక్క కొడుకు దానిలోని ఫైలు తీసి రఫుల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచాడు. పాత ఫ్లాష్ ఫైళ్ళను ఇప్పటి బ్రౌజర్‌లో ఆడించడానికి దాన్ని చేశారు. 2020 నవంబరు నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా దాని సాయంతోనే పాత ఫ్లాష్ ఆటలు, బొమ్మలు కాపాడుతోంది. మా ఆల్బమ్‌లో రెండు బటన్లు పనిచేయలేదు గానీ నాన్న గొంతు వచ్చింది. వాడు దాన్ని మామూలు వీడియోగా మార్చి పంపాడు. ఫోన్‌లో విని అమ్మ, “ఇంకోసారి పెట్టవే” అంది. అలా నాలుగుసార్లు.

బ్రౌజర్లు ఫ్లాష్‌ని తీసేయడం తప్పని నేననను. కన్నాలున్న తలుపు మూయాల్సిందే. కాకపోతే తలుపు మూసేటప్పుడు లోపల ఎవరి సామాను ఉందో ఎవరూ చూడరు. మనమే చూసుకోవాలి.

కాబట్టి ఇంట్లో పాత సీడీలుంటే పారేయకండి, లోపలి ఫైళ్ళు కాపీ చేయించండి. ఫోటోలు జేపెగ్‌గా, వీడియోలు ఎంపీ4గా రెండు చోట్ల దాచండి. ఇంకొకటి, ఏ పేజీలోనైనా “ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి” అని కనబడితే నొక్కొద్దని అత్తగారికీ, అమ్మకీ చెప్పండి. ఇప్పుడు అలాంటి అప్‌డేట్ లేదు, అది మోసం.

ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు బీరువాలో ఏమున్నాయో ఒకసారి అడగండి.