మోటుపల్లి అభయశాసనం

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ ప్రకటిస్తూ 1244లో వేయించిన శాసనం. నేటి బాపట్ల జిల్లా మోటుపల్లిలోని వీరభద్రాలయంలో ఉంది.

అంతకుముందు రాజుల కాలంలో తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా సర్కారు పాలయ్యేది. బతికి బయటపడ్డ వర్తకుడికి మిగిలేది కట్టుబట్టలే. గణపతిదేవుడు ఈ జప్తును ఆపించాడు. నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని, ఎగుమతి దిగుమతులపై అది ముప్పైలో ఒక వంతని శాసనంలో చెక్కించాడు. దయ, కీర్తి, ధర్మం కోసమే ఇలా చేస్తున్నామని అందులో చెప్పుకున్నాడు. ఖజానా లెక్క కూడా ఉండే ఉంటుంది. భయం లేని రేవుకే ఓడలొస్తాయి కదా. సుంకాల పట్టికలో గంధం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, పోకచెక్కలు కనిపిస్తాయి.

13వ శతాబ్ది చివర్లో మార్కోపోలో కాకతీయ రాజ్యాన్ని ‘ముత్‌ఫిలి’ (మోటుపల్లి) పేరుతో వర్ణించాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని నూలుబట్టలను మెచ్చుకున్నాడు. పాలిస్తున్న రాణిని మాత్రం గత రాజు భార్యగా రాశాడు. ఆ రాణి రుద్రమదేవి నిజానికి గణపతిదేవుడి కూతురు.

1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇదే రేవు వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.