ఆంగ్ల సామెతలు – అక్షరార్థమూ అసలర్థమూ

మన బడులలో ఇంగ్లీషు సామెతలను వల్లె వేయించే ఆచారం చిరకాలంగా ఉన్నదే. పక్కన ఒక తెలుగు సామెతను చేర్చి, "సమానార్థకం" అని వ్రాయించడంతో పాఠం ముగుస్తుంది. పిల్లవానికి రెండు మార్కులు వస్తాయి కాని, సామెత వచ్చిందా అన్నది వేఱే ప్రశ్న. సామెతలో పదం పాత అర్థంతోనే నిలిచిపోతుంది. బయట వాడుకలో అదే పదం అర్థం మార్చుకొంటుంది. నేర్చేవాడు తడబడేది అక్కడే.

సామెతలతో భాష నేర్పడం ఇంగ్లండులో వెయ్యేండ్ల నాటి పద్ధతి. డర్హమ్ కెథీడ్రల్ గ్రంథాలయంలోని 11వ శతాబ్ది వ్రాతప్రతి ఒకదానిలో 46 సామెతలు లాటినులోను, ప్రాచీనాంగ్లంలోను జంటగా ఉన్నవి. అవి లాటిను నేర్చేవారి కొఱకు కూర్చినవి కావచ్చునని పండితుల ఊహ. 1500లో ఎరాస్మస్ మహాపండితుడు పారిస్ నుండి సుమారు ఎనిమిది వందల ప్రాచీన లోకోక్తులను వ్యాఖ్యతో ప్రకటించాడు. 1508 నాటి వెనిస్ ముద్రణలో అవి మూడు వేలు దాటినవి. 1546లో జాన్ హేవుడ్ వివాహ విషయకమైన ఒక పద్య సంవాదంలో ఆంగ్ల సామెతలను గుదిగ్రుచ్చాడు. నేడు మన పిల్లలు చదివే సామెతలు అనేకం అందులో కనబడతాయి.

వానిలో ఒకటి "మోర్ హేస్ట్, లెస్ స్పీడ్". తొందర పెరిగితే వేగం తగ్గుతుందట! వినడానికి విడ్డూరం. అయితే ప్రాచీనాంగ్లంలో స్పీడ్ అనగా సాఫల్యం, అభ్యుదయం. ప్రయాణమయ్యేవారికి చెప్పే "గాడ్‌స్పీడ్" అనే దీవెనలో ఆ అర్థం ఇంకా బ్రతికే ఉన్నది. తొందర ఎక్కువైతే కార్యసిద్ధి తక్కువ అన్నప్పుడు చిక్కు విడిపోతుంది.

"ప్రూఫ్ ఆఫ్ ది పుడ్డింగ్" అన్న చోట ప్రూఫ్ అనగా ఋజువు కాదు, పరీక్ష. తిని చూస్తేనే పదార్థం సంగతి తెలుస్తుందని భావం. మఱి "ఎక్సెప్షన్ ప్రూవ్స్ ది రూల్" అన్నప్పుడు కూడా పరీక్షే అందామా? ఇక్కడ కుదరదు. ఇది లాటిను న్యాయసూత్రం నుండి వచ్చినది, క్రీ.పూ. 56లో సిసిరో ఒక వాదంలో ఈ తర్కాన్నే ప్రయోగించాడు. "ఆదివారం ప్రవేశం ఉచితం" అని పలక కడితే, తక్కిన దినాలలో రుసుము ఉన్నదని తేలుతుంది కదా! మినహాయింపును చెప్పడమే నియమం ఉన్నదనడానికి సాక్ష్యం. ఇది తెలియక, తమ సిద్ధాంతానికి ఎవరైనా ప్రత్యుదాహరణ చూపగానే ఈ సామెత విసిరి గెలిచామనుకొనేవారు కలరు. ఇది భాషాదోషమే కాదు, తర్కదోషం కూడా.

"అరకాసు తారుకు కక్కుర్తిపడి ఓడను పాడుచేసుకోకు" అనే సామెతలో ఓడ లేనే లేదు. అది గొఱ్ఱె. ఇంగ్లండు పల్లెల యాసలో షీప్‌ను షిప్ అని పలికేవారు. గొఱ్ఱెల పుండ్లపై ఈగలు ముసరకుండా తారు పూయడం కాపరుల అలవాటు. ఓడలకూ తారు పూస్తారు గనుక మార్పు ఎవరికీ తోచలేదు.

ఇక సమానార్థకాల మాట. "ఎండ ఉండగానే గడ్డి ఎండబెట్టుకో" అనే ఆంగ్ల సామెతకు "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో" అన్నది మనం చూపే జోడు. చక్కని జోడే. కాని ఎప్పుడు వాన పడుతుందో తెలియని దేశంలో, శీతకాలపు పశుగ్రాసం కొఱకు ఆకాశం వంక చూసే రైతు అక్కడ కనబడతాడు. చమురు అయిపోకముందే పని ముగించుకొనే ఇల్లాలు ఇక్కడ కనబడుతుంది. హితవు ఒకటే, బ్రతుకులు వేఱు.

మన భాష నేర్వవచ్చిన ఆంగ్లేయులకూ ఈ దారి తప్పలేదు. 1868లో కెప్టెన్ కార్ "ఆంధ్ర లోకోక్తి చంద్రిక"ను మద్రాసులో అచ్చు వేయించి, తెలుగు సామెతలకు ఆంగ్లానువాదంతో పాటు వివరణలూ చేర్చాడు. అనువాదం ఒక్కటే చాలదని ఆ వివరణలే చెబుతున్నవి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలచేత "సమానార్థకం" అని కాక "సదృశం" అని వ్రాయించండి. రెండింటికీ పోలిక ఎంతవఱకో, భేదం ఎక్కడో ఒక్క వాక్యంలో చెప్పించండి. ఆ ఒక్క వాక్యం వ్రాయగలిగిన నాడు ఆ సామెత వాని సొంతమవుతుంది.