వీరప్పన్ వేట: అడవి నుంచి తెర దాకా

బల్మూర్ చుట్టుపక్కల దొంగ కథ అంటే ముందుగా పండుగ సాయన్నే. పక్కనే లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథ పలికిస్తుంటే జనం దొంగ పక్షానే ఉంటారు. పాట దొంగను మోస్తే, సినిమా ఎక్కువగా పోలీసును మోసింది. అందుకు గంధపు దొంగ వీరప్పన్ మీద వచ్చిన సినిమాలే సాక్ష్యం.

1991లోనే కన్నడంలో దేవరాజ్ వీరప్పన్ వేషం కట్టాడు. అదే ఏడాది తమిళంలో సెల్వమణి, అదే మన రోజా భర్త, విజయకాంత్‌తో ‘కెప్టెన్ ప్రభాకరన్’ తీశాడు. అసలు మనిషి అప్పటికింకా అడవిలో ఏనుగుల్ని చంపుతూనే ఉన్నాడు.

ఆ ఏడాది నవంబరు 10న వీరప్పన్ చేతిలో చనిపోయింది మన తెలుగువాడు. రాజమండ్రిలో పుట్టి, కర్ణాటక కేడర్‌లో అటవీ అధికారిగా చేరిన పి. శ్రీనివాస్. వీరప్పన్ సొంతూరు గోపీనాథంలోనే మకాం పెట్టాడు. రోగులకు మందులిప్పించాడు, మారియమ్మకు గుడి కట్టించాడు. తుపాకీ కంటే ఊరి మంచితనాన్నే ఎక్కువ నమ్మాడు. లొంగిపోతానని వీరప్పన్ నుంచి కబురొస్తే ఆయుధం లేకుండా వెళ్లాడు. తల నరికేశారు. మరుసటి ఏడాది కీర్తిచక్ర ఇచ్చారు.

1993 ఏప్రిల్‌లో పాలార్ దగ్గర వీరప్పన్ ముఠా మందుపాతర 22 మందిని బలిగొంది. ఆ నవంబరులోనే మన సోమశిల దగ్గర నక్సలైట్ల మందుపాతరకు మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు చనిపోయారు. రాజకీయం లేని గంధపు దొంగనూ అన్నల్నీ ఒక గాటన కట్టలేం. కానీ అడవి అంచు ఊళ్లకు బతుకు రెండుచోట్లా ఒక్కటే: అన్నం పెడితే ఒకరితో తంటా, పెట్టకపోతే ఇంకొకరితో.

2000 జులై 30న గాజనూరులో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ ముఠా ఎత్తుకుపోయి 108 రోజులు అడవిలో ఉంచింది. చివరికి 2004 అక్టోబరు 18 రాత్రి, కంటి చూపు మందగించిన వీరప్పన్ వైద్యానికని అంబులెన్స్ ఎక్కాడు. అది పోలీసుల బండి, తోలేదీ పోలీసే. పాపారపట్టి దగ్గర బండి ఆపి డ్రైవరు దిగి తప్పుకున్నాడు, ఆ తర్వాత తూటాలే మాట్లాడాయి.

2013లో ‘అట్టహాస’లో వీరప్పన్‌గా కిశోర్, పోలీసుగా అర్జున్. 2016 జనవరి 1న మన రామ్‌గోపాల్ వర్మ కన్నడంలోనే ‘కిల్లింగ్ వీరప్పన్’ దించాడు. వల పన్నే పోలీసు ఎవరనుకున్నారు? రాజ్‌కుమార్ కొడుకు శివరాజ్‌కుమారే. తండ్రిని ఎత్తుకుపోయినవాణ్ణి కొడుకు తెరమీద వేటాడుతుంటే, కన్నడ ప్రేక్షకుడికి వేరే కథనం అక్కర్లేకపోయింది. వీరప్పన్‌గా సందీప్ భరద్వాజ్ పోలికా అచ్చు దిగిపోయింది. వీరప్పన్ భార్య ముత్తులక్ష్మి దగ్గరకు మారువేషంలో ఆడమనిషిని పంపే ఘట్టాలే ఈ సినిమాకు ప్రాణం. కాల్పులకంటే అవే నాకు నచ్చాయి.

వేట పేరిట ఊళ్లలో పోలీసులు పెట్టిన చిత్రహింసలు ఈ వీరగాథల్లో ఎక్కడో వెనకబెంచీకి పోయాయి. జస్టిస్ సదాశివ కమిటీ విచారణ తర్వాత, 2007లో జాతీయ మానవ హక్కుల కమిషన్ 89 మంది బాధితులకు 2.8 కోట్ల పరిహారం ఇమ్మంది. 2023లో వచ్చిన ‘ది హంట్ ఫర్ వీరప్పన్’ డాక్యుమెంటరీ ముత్తులక్ష్మినీ పోలీసులనూ ఒకే కథలో మాట్లాడించింది. మన వర్మకు మాత్రం వల పన్నినవాడే కథానాయకుడయ్యాడు. వట్టి చేతులతో వెళ్లిన రాజమండ్రి మనిషి మీద సినిమా తీయాలంటే, గోపీనాథం మారియమ్మ గుడి దగ్గర మొదలుపెట్టాలి.